నాలుగో నంబరు ఎవరిది?

“అన్నం ముంగట కూసొని లేవద్దు బిడ్డా. రెండు బుక్కలన్న తిను,” అంది సారక్క.

భూమిక అప్పటికే లేచింది. కంచంలో చేపల పులుసుతో కలిపిన అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. చెయ్యి కూడా కడుక్కోకుండా, ఎడమ చేతిలో ఫోన్ పట్టుకుని, అన్న కంచం ముందుకు వచ్చి నిలబడింది.

“రోజారాణి ఫోన్ జేసింది,” అంది.

ప్రేమ్‌సాగర్ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. కరీంనగర్ నుంచి వచ్చి గంట కూడా కాలేదు. వచ్చిన దగ్గర్నుంచి చేపలు బాగున్నాయన్నాడు, ఎండలు ముదిరాయన్నాడు, పెద్దపల్లి దాటాక రోడ్డు పాడైందన్నాడు. చెప్పాల్సిన మాట మాత్రం ఒక్కటీ చెప్పలేదు.

“ఏ రోజారాణి?” అడిగాడు తండ్రి మొగిలి.

“ఆదిలాబాద్ రోజారాణి బాపూ. నా జాగకు పోటీ వచ్చిన పిల్ల. ‘అక్కా, మీ అన్నకు నా దిక్కుకెల్లి థాంక్స్ చెప్పు, మీటింగుల నాకోసం గంటసేపు కొట్లాడిండట’ అన్నది. చెప్తున్న. ఇన్నవా అన్నా? థాంక్సట.”

ఆ పిల్లను అనడానికేం లేదు. వాళ్ళ నాన్న జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళ దగ్గర పనిచేస్తాడు. నిన్న హెడ్ కోచ్ వినోద మేడం స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని, ఎవరు నీకోసం మాట్లాడారో, ఎవరు మాట్లాడలేదో ఉన్నదున్నట్టు చెప్పి వచ్చింది. సంబరం పట్టలేక రోజా ఫోన్ చేసింది. ఆ సంబరం ఈ ఇంట్లో ఎలా వినిపిస్తుందో ఆలోచించే వయసు కాదు ఆమెది.

సారక్క గరిటె పట్టుకునే కొడుకు వైపు తిరిగింది. “అది అన్నది నిజమేనా రా?”

ప్రేమ్‌సాగర్ ముద్ద కంచంలో పెట్టేశాడు. “నిజమే అవ్వా,” అన్నాడు.

కరీంనగర్‌లో మానేరు ఈగల్స్ అనే ఆడపిల్లల జట్టు పెట్టి ఇది రెండో ఏడు. జీతాలిచ్చి ఆడించే జట్టు. ఈ సీజన్‌కు అన్ని చోట్లా నిండిపోయి ఒక్కటే మిగిలింది. బాస్కెట్‌బాల్‌లో పవర్ ఫార్వర్డ్ అనే ఆ చోటును ఈ ఇంట్లో అందరూ నాలుగో నంబరు అంటారు. నిరుడు ఆ నంబరు భూమికది. ఈ ఏడు భూమికకో రోజారాణికో, ఒక్కరికే, ఇంకా తేలలేదు. తేల్చే ముగ్గురిలో ఒకరు వినోద, ఒకరు మేనేజర్ శ్యాంసుందర్. మూడోవాడు అసిస్టెంట్ కోచ్ ప్రేమ్‌సాగర్, అంటే ఇదిగో, కంచం ముందు తల వంచుకు కూర్చున్న ఈ ఇంటి కొడుకు.

“మా అన్న ఉన్నడు గద, నాకేం ఫికర్ అని అందరికీ చెప్పుకుంట తిరిగిన. వీధిల చెప్పిన, టీముల చెప్పిన. సిగ్గు లేకుంట చెప్పిన.” భూమిక ఫోన్ అన్న ముఖం ముందు పెట్టింది. “గంటసేపు మాట్లాడినవట. నాకు ఎదురుగ గంటసేపు మాట్లాడెటంత ఏమున్నదన్నా?”

“నీకు ఎదురుగ గాదు చెల్లె. టీము గురించి మాట్లాడిన.”

“టీముల నేను లేనా?”

దానికి ప్రేమ్‌సాగర్ దగ్గర జవాబు ఉంది. ఉంది కాబట్టే ఈ గొడవ. లేకపోతే ఏ అన్నలాగైనా తప్పయిందనేవాడు, చెల్లెలు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. అతనికేమో ఆట దగ్గర అబద్ధం ఆడటం చేతకాదు. మిగతా చోట్ల చేతనవునని ఆ సాయంత్రానికి తేలింది, అది వేరే సంగతి.

“బాపూ, నువ్వు సూడు. నీకు సమజైతది,” అంటూ అన్నం గిన్నెను చాప మధ్యకు జరిపాడు. “గిది రింగు. గీ ఉప్పు డబ్బా మన సెంటర్ పిల్ల. గీ గిలాస మమతారాణి, బంతి పట్టుకొని ఉరికొచ్చేది. గీ నిమ్మకాయ ముక్క మన భూమి.”

“నా బిడ్డ నిమ్మకాయ ముక్కనా?” అంది సారక్క.

“అవ్వా, జర ఆగు. భూమి ఎప్పుడూ రింగు కిందనే ఉంటది. సెంటర్ గూడ గాడనే ఉంటది. ఇద్దర్ని పట్టుకునేటోళ్ళు గూడ గాడనే. అంటే రింగు కింద నలుగురు. మమత ఉరికొస్తే ఎటు సొర్రాలె? సందేది? నిరుడు ఓడిన మ్యాచులు గిట్లనే ఓడినం. రోజా అట్ల గాదు, మూడు పాయింట్ల గీత అవతల నిలవడి ఏస్తది. ఆమెను పట్టుకునేదానికి ఒకామె బయటికి రావాల్సిందే. అప్పుడు జాగ ఖాళీ అయితది, మమత సొచ్చుకపోతది.”

మొగిలి నిమ్మకాయ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా బొగ్గుబాయి దిగుతున్న మనిషి. బిడ్డ మ్యాచ్ ఉన్న ఆదివారం ఎంత డబుల్ జీతమొచ్చినా డ్యూటీకి పోడు, టీవీ ముందు నుంచి లేవడు.

“ఆ పిల్ల ఏసింది పడకపోతే?” అని అడిగాడు.

“పది ఏస్తే నాలుగు పడ్తయి బాపూ. ఆ జాగకు అది మస్తు.”

“పడని ఆరు ఎవరు తెస్తరు? గది చెప్పు ముందుగాల. సెమీఫైనల్ల బెంగుళూరోళ్ళ పొడుగు పిల్లను ఈపు మోపి బయటికి నెట్టి బంతి గుంజుకున్నది ఎవలు? నీ రోజారాణి మీద మోచెయ్యి పడితే పక్కకు జరుగుతది. నేను టీవీల సూసిన. దెబ్బకు జరిగేటోళ్ళు నాలుగో నంబర్ల నిలవడ్తరా?”

“జరుగుతది. గది నిజమే.”

“నిజమైతే మరి?”

“రెండూ ఉన్నామె మనకు దొరుకది బాపూ. దొరికినా మన టీము జీతానికి రాదు. పడని బంతి తెచ్చుడు సెంటర్ గూడ తెస్తది. దూరంకెల్లి ఏసుడు మన టీముల ఎవలకూ రాదు. లేనిది తెచ్చుకోవాలె గద.”

మొగిలి నిమ్మకాయ ముక్కను వేళ్ళ మధ్య తిప్పాడు. కొడుకు చెప్పింది అతనికి అర్థమైంది. అర్థమైనందుకు తన మీద తనకే కోపం వచ్చి, ముక్కను కంచంలో పడేశాడు.

“నాకు గీ ఉప్పు డబ్బాలు, గిలాసలు దెల్వయి,” అంది సారక్క. “సొంత చెల్లెను వద్దనెటందుకు మంది ముంగట నీకు నోరెట్ల వచ్చింది రా? శ్యాంసుందర్ సారు అన్నా అనని, ఆయన బయటి మనిషి. నువ్వు అనొచ్చునా?”

ప్రేమ్‌సాగర్ ఉప్పు డబ్బాను మళ్ళీ పక్కకు జరిపాడు.

“నాకు దూరం షాట్ లేదంటున్నవ్,” అంది భూమిక నెమ్మదిగా. “ఎందుకు లేదో గూడ చెప్పు.”

“భూమీ...”

“చెప్పు. బాపుకు చెప్పు. నేను గింత పొల్లనున్నప్పుడు నన్ను క్లబ్బు కోర్టుకు తోలుకపోయింది ఎవలు? నువ్వు షూటర్‌వి. నీకు స్క్రీన్ పెట్టెటోళ్ళు కావాలె, ఎవ్వలూ దొరకలే. నన్ను అడ్డం నిలవెట్టినవ్.”

స్క్రీన్ అంటే గోడలా కదలకుండా నిలబడటం. బంతి వేసేవాడి వెంటపడి వచ్చేవాడు ఆ గోడకు తగిలి ఆగిపోవాలి. ఆ కోర్టులో గోడ ఈ పిల్ల. వచ్చి తగిలేది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు.

“వాళ్ళు ఉరికొచ్చి నా మీద పడెటోళ్ళు. నేను కింద పడ్తుంటి, నువ్వు బంతి ఏస్తుంటివి. అందరూ నీకు చప్పట్లు. ఒక్కసారి, ఒకటే ఒక్కసారి నేను గీత అవతలికెల్లి ఏసిన. పడింది గూడ. నువ్వేమన్నవో యాదికున్నదా? బంతి గుంజుకొని, ‘నీ పని గది గాదు, నిలవడు’ అన్నవ్. నిలవడ్డ. ఇన్నేండ్లు నిలవడ్డ. నన్ను గిట్ల తయారు జేసింది నువ్వు. గిట్లున్నదని తీసేసేది గూడ నువ్వేనా?”

వీధిలో కూరగాయల ఆటో మైకులో టమాటా ధర చెప్పుకుంటూ పోయింది. ప్రేమ్‌సాగర్ తల పైకెత్తాడు, మళ్ళీ దించాడు. చెల్లెలు చెప్పిన ప్రతి మాటా నిజమే.

మొగిలి కంచంలోనే చెయ్యి కడిగేశాడు. “ఇంత కష్టపడి ఇద్దర్ని ఆటల పెట్టుకున్న,” అన్నాడు. ఎవరి వైపూ చూడకుండా ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

*

పెరట్లో నల్లా దగ్గర భూమిక చెయ్యి కడుక్కుంటోంది. పులుసు ఎండిపోయి వేళ్ళకు అంటుకుంది. ప్రేమ్‌సాగర్ వచ్చి బట్టల తీగ పక్కన నిలబడ్డాడు.

“ఊకోవాల్సిందన్నా,” అంది ఆమె నల్లా కట్టేసి. “‘మా చెల్లె ముచ్చట, నేను మాట్లాడ’ అని ఊకుంటే ఎవలన్న నిన్నేమన్న అనెటోళ్ళా?”

“ఊకుంటే నిరుటి లెక్కనే జాగ నీకే పోతుండె. నీకు ఓటేసినట్టే గద.”

“ఏస్తే ఏమైతుండె?”

అతను మళ్ళీ మౌనం. మౌనంగా ఉండే మనుషులతో ఇదే చిక్కు. ఆ ఖాళీలో ఎదుటివాళ్ళు తమకు కావలసింది పెట్టుకుంటారు. భూమిక కూడా పెట్టుకుంది. కోపం ఎంత ఉన్నా ఇది తన అన్న. పండగకు కొత్త బట్టలు కొనుక్కోకుండా తనకు బూట్లు కొన్న అన్న. ఊరికే ఇలా చెయ్యడు. ఏదో ఉండి ఉంటుంది. ఆ ఏదో ఏమిటో ఆమెకు చటుక్కున తోచింది.

“నిజం చెప్పు. మోకాలు గురించేనా?”

నిరుడు సీజన్ అయిపోయాక ఇక్కడి క్లబ్బు కోర్టులోనే, అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆడుకుంటుంటే, ఎగిరి దిగడంలో ఆమె కుడి మోకాలు తిరిగింది. స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని ప్రేమ్‌సాగరే తెలిసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. లోపలి నరం సగం తెగిందన్నారు. టీముకు తెలిస్తే నా పని అయిపోతది, ఎవ్వలికీ చెప్పనని ఒట్టెయ్యి అని ఏడ్చింది భూమిక. అతను ఒట్టేశాడు. నిలబెట్టుకున్నాడు కూడా. ఆ సంగతి ఆ డాక్టరుకు, ఈ ఇంట్లో నలుగురికి తప్ప మరో మనిషికి తెలియదు.

“నేను దెబ్బ తిని మొత్తానికే కూసుంటనని భయపడ్డవు గద? అందుకే ఆట పేరు పెట్టి వద్దన్నవ్. గంతేనా?”

ఆమె కళ్ళల్లో కోపం పోయి ఆశ వచ్చింది. ప్రేమ్‌సాగర్ ఆ కళ్ళను చూశాడు.

“ఆఁ,” అన్నాడు. “మోకాలు గురించే.”

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈ వారం కథ ఇంతటితో అయిపోయేది. చెల్లెలు నాలుగు రోజులు మాట్లాడకపోయేది, ఐదో రోజు తనే టీ తెచ్చి ఇచ్చేది.

భూమిక తడి చేత్తోనే అతని చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఏడ్చింది. “పిచ్చోడా, ముందే చెప్పొద్దా! నేను ఏమేమో అనుకున్న. నువ్వు నన్ను అమ్ముకున్నవనుకున్న. ఎంత మాటన్న నిన్ను!”

“పోనీ తియ్.”

“నీకు తప్ప ఎవలకు చెప్తనన్నా. ఇను.” ఆమె వంటింటి కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “ఇంక పూర్తిగ తగ్గలే. మామూలుగ ఉరికితే ఏం గాదు. ఎగిరి దిగుతుంటే అప్పుడప్పుడు పట్టేస్తది. కండ్లల్ల నీళ్ళొస్తయి. అవ్వతోని తగ్గిందన్న. తగ్గిందని ఎత్తు బంగారం గూడ ఇప్పిచ్చిన. సీజన్ మొదలయ్యేవరకు సెట్ అయితది. నువ్వు జర సాయం పట్టు, నన్ను ఎక్కువ దుంకిపియ్యకుండ సూస్కో. మేడంకు నేను చెప్పుకుంట, నువ్వు ఇంక అడ్డం రాకు. సరేనా?”

ఆ మాట విన్నాక అయినా చెప్పవచ్చు. లేదు చెల్లె, నేనన్నది మోకాలు గురించి కాదు అని. చెప్పలేదు.

“సరే,” అన్నాడు.

జాతరలో బెల్లాన్ని బంగారం అంటారని ఈ వైపు వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బిడ్డ మోకాలు బాగైతే నిలువెత్తు బంగారం ఇస్తానని సారక్క సమ్మక్క తల్లికి మొక్కుకుంది. మొన్న జాతరకు గోదావరి ఒడ్డున గద్దెల దగ్గర తక్కెడలో ఒక పక్క భూమిక కూర్చుంటే, రెండో పక్క బెల్లం ముద్దలు పేర్చారు. మొక్కు దేనికని వాడకట్టు ఆడవాళ్ళు అడిగితే బిడ్డ పేరు పైకి రావాలని అంది సారక్క. కోరిక తీరాకే తీర్చే మొక్కు అది. ఆ తక్కెడలో కూర్చుని తల్లి ముఖం చూడలేక భూమిక కళ్ళు మూసుకుంది. మొక్కుకుంటోందని అనుకుంది సారక్క.

ఇప్పుడు ఆ సారక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. కిటికీలోంచి ఆమెకు వినపడింది ఒకే ముక్క: ‘మోకాలు గురించే’. తర్వాత గుసగుసలు వినపడలేదు. వినాలని కూడా అనిపించలేదు. గుండె మీది బరువు దిగింది. కొడుకు కడుపులో విషం లేదు, భయమే ఉంది. అంతే కదా, ఆ భయం తీర్చడం ఎంతసేపు!

*

వినోద మేడం వచ్చేసరికి ఎండ తగ్గింది. కారు క్వార్టర్ల ముందు ఆగగానే వాడకట్టు పిల్లలు మూగారు. ఆమె ఒకప్పుడు రాష్ట్రానికి ఆడిన మనిషి. ఇప్పటికీ ఎవరింటి గుమ్మమైనా తల వంచే దాటాలి. నిన్న రోజారాణి ఇంటికి, ఇవాళ ఈ ఇంటికి. ఆటను కోర్టులో చూస్తా, ఆడే మనిషిని ఇంట్లో చూస్తా అనడం ఆమె పద్ధతి.

మొగిలి కొత్త చొక్కా వేసుకుని కుర్చీ వేశాడు. సారక్క టీ, సకినాలు తెచ్చింది. ప్రేమ్‌సాగర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సొంత ఇంట్లో కూర్చోవాలో నిలబడాలో తెలియని పరిస్థితి అతనిది.

“నాకు దాచుడు రాదు మొగిలన్నా,” అంది వినోద. “శ్యాంసుందర్ గారు ఎవరైనా సరే అన్నరు. ప్రేమ్‌సాగర్ రోజారాణి అన్నడు. మంచి లెక్కలే చెప్పిండు, నేను కాదన. కానీ ఈ సీజన్ల అన్ని టీములకు పొడుగు పిల్లలు వస్తున్నరు. దెబ్బకు వెనక్కి పోని మనిషి నాకు కావాలె. షాట్ అంటరా, ఆరు నెలలు కూసుండబెట్టి నేర్పిస్త. గుండె ధైర్యం ఎవలు నేర్పిస్తరు? నేను భూమిక అంటున్న. చివరి మాట నాదే.”

భూమిక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మొగిలి సకినాల పళ్ళెం మేడం వైపు జరిపాడు. ఆ క్షణంలో ఆ నంబరు భూమికదే. ఎవరూ మరో మాట మాట్లాడకుండా టీ తాగేసి ఉంటే చాలు.

కానీ ఇంటికి మేలు చేసిన మనిషి ఎదుట తల్లి నోరు ఊరుకుంటుందా?

“నాకు ముందుగాలనే తెల్సు మేడం,” అంది సారక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. “మావాని మీద మీరు గిట్ల మనసుల ఏం పెట్టుకోకుండ్రి. వాడు ఉత్తగనే భయపడ్డడు. చెల్లె మోకాలు ఏమైతదో అని వద్దన్నడు గని, వేరే ఏం లేదు. మోకాలు ఎన్నడో మంచిగైంది. సమ్మక్కకు ఎత్తు బంగారం గూడ ఇచ్చినం. మొక్కు తీరిందంటే తగ్గినట్టే గద!”

వినోద చేతిలో టీ కప్పు ఆగింది.

“ఏం మోకాలు?”

అప్పుడు అర్థమైంది సారక్కకు, తను ఏం చేసిందో. కొడుకు మీటింగులో మోకాలి సంగతి చెప్పే ఉంటాడనుకుంది. కారణం అదే అయినప్పుడు చెప్పకుండా ఎలా ఉంటాడు? కొడుకును చూసింది, బిడ్డను చూసింది. ఎవరూ ఆదుకోలేదు.

“ప్రేమ్‌సాగర్, నీకు తెల్సా?”

“తెల్సు మేడం. నిరుడు సీజన్ అయినంక అయింది.”

“అసిస్టెంట్ కోచ్‌వి. తెల్సుకొని నాకు చెప్పలే.” ఆమె గొంతు పెంచలేదు. “మీటింగుల గంటసేపు మాట్లాడినవ్. సందు లేదన్నవ్, దూరం షాట్ లేదన్నవ్. మోకాలు మాట ఒక్కసారి నీ నోట్లెకెల్లి రాలే. మీ అమ్మేమో మోకాలు గురించే వద్దన్నవ్ అంటున్నది. ఏది నిజం?”

ప్రేమ్‌సాగర్ గోడ నుంచి కదిలాడు. ఆట గురించి అడిగితే అతను అబద్ధం ఆడలేడు.

“మోకాలు నా లెక్కల లేదు మేడం. ఒట్టేసిన కాబట్టి మీకు చెప్పలే, గది నా తప్పే. కానీ రోజా అన్నది ఆట సూసే అన్న. భూమి మోకాలు మంచిగున్నా నేను రోజారాణి అనే అందును.”

భూమిక చేతులు నోటి మీద నుంచి దిగాయి.

“మరి పెరట్ల?” అంది.

“చెల్లె...”

“మోకాలు గురించే అన్నవ్ గద? నేను అడిగితే ఆఁ అన్నవ్ గద?”

“ఆ మాట ముందుగాల నువ్వే అన్నవ్ భూమీ. ఆఁ అంటే నీ మనసు జర తేలికయితదనుకున్న.”

అన్న తనకు ఓటు వేయలేదని ఆమెకు అన్నాల దగ్గరే తెలుసు. దానికి ఏడ్చింది, తిట్టింది, ఒక లెక్కకు ఓర్చుకుంది కూడా. ఇది వేరు. లేని ప్రేమను కారణంగా చూపించి తన చెయ్యి పట్టుకోనిచ్చాడు. ఆ మాట నమ్మే కదా, అవ్వకు కూడా చెప్పనిది అతని చెవిలో వేసింది. ముందు గదిలో అంతమంది ఉండగా భూమికకు ఒంటి మీద బట్ట లాగేసినట్టయింది. అన్న అనే మనిషి ఇంత మోసగాడా అనుకుంది. ఇంతకంటే పెద్ద మాట ఆమెకు దొరకలేదు.

“భూమికా,” అంది వినోద. “ఇప్పుడెట్లుంది మోకాలు?”

“మంచిగున్నది మేడం.”

జవాబు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. వినోద గమనించిందో లేదో గాని, కన్నతల్లి గమనించింది.

“బిడ్డా, నా దిక్కు సూడు,” అంది సారక్క.

భూమిక చూడలేదు.

“సూడుమంటున్న. తగ్గిందన్నవ్ గద నాతోని? తగ్గకుండనే తక్కెడల కూసున్నవా? నాతోని తల్లికి దొంగ మొక్కు ఇప్పిచ్చినవా?”

“ఊకోయే నువ్వు!” అరిచాడు మొగిలి. “ఇంతసేపు మాట్లాడింది సాలదా?”

“నేనెందుకు ఊకోవాలె? అన్న చెల్లెకు జెప్పడు, చెల్లె తల్లికి జెప్పదు, నేనొక్కదాన్ని పిచ్చిదాన్ని లెక్క అందరి ముంగట నోరు తెరుస్తున్న. నన్ను సమ్మక్క ముంగట గూడ అబద్ధపుదాన్ని జేసిండ్రు!”

సారక్క అక్కడే కూలబడి ఏడ్చింది. వినోద కప్పు కింద పెట్టింది. టీ సగం అలాగే ఉంది. ఆమె లేచేలోపు ప్రేమ్‌సాగర్ ముందుకు వచ్చాడు.

“మేడం, జర బయటికొస్తరా? మీతోని ఒక మాట చెప్పాలె.”

వినోద అతన్ని ఎగాదిగా చూసి, తల వంచి గుమ్మం దాటింది. అతను వెనకే వెళ్ళాడు.

భూమిక కిటికీ దగ్గరికి వెళ్ళింది. కారు పక్కన ఇద్దరూ నిలబడ్డారు. పిల్లల్ని దూరంగా పొమ్మని సైగ చేశాడు ప్రేమ్‌సాగర్. మాట్లాడుతున్నాడు. చేతులు కట్టుకుని వింటోంది వినోద. మధ్యలో ఒకసారి అతని కుడి చెయ్యి పైకి లేచి కిందికి దిగింది. ఎగిరి దిగడం గురించి చెబుతున్నాడా? లేక ఎంత బాగా ఎగురుతుందో చెబుతున్నాడా?

“ఏం చెప్తుండు?” వెనక నుంచి అడిగాడు మొగిలి.

“తెల్వది బాపూ.”

“మోకాలు తగ్గలేదని వానికి తెల్సా?”

“తెల్సు. ఇయ్యాల్నే చెప్పిన.”

మొగిలి బిడ్డ భుజం మీద చెయ్యి వేశాడు. “పో. నీ ముచ్చట నీ ఎనక మాట్లాడుడేంది? పోయి ముంగట నిలవడు.”

ఆమె చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళింది. గేటు చప్పుడు కాగానే ఇద్దరూ మాట ఆపేశారు.

“మేడం, ఆయన ఏం చెప్పిండో నాకు చెప్పుండ్రి. అది నా మోకాలు,” అంది భూమిక.

“చెప్పను,” అంది వినోద. ఆమె ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. “మీరిద్దరూ కలిసి నా దగ్గర దాచిండ్రు. ఆయన్ని వేరేగ, నిన్ను వేరేగ అడిగితే ఏం లాభం? అందుకే గిట్ల అడుగుతున్న. నీ మోకాలు ఇప్పుడెట్లుందో మీ అన్న నాకు చెప్పిండు. ఆ చెప్పింది నిజమా, అబద్ధమా? నువ్వు ఏదన్న ఒకటే మాట చెప్పు. రెండో మాట అడగను. రాత్రికి టీము పేర్లు పంపేస్త.”

భూమిక అన్న వైపు తిరిగింది.

నంబరు దక్కాలంటే, అన్న మోకాలు బాగుందని చెప్పి కాపాడి ఉంటే నిజమే అనాలి. పట్టేస్తోందని చెప్పి ఉంటే, అబద్ధం అనాలి. తనను కాపాడాడో, అమ్మేశాడో తేలితే తప్ప జవాబు లేదు. పొద్దునైతే అడగక్కరలేకుండానే నమ్మేది.

“అన్నా,” అంది. “నా దిక్కు సూడు.”

ప్రేమ్‌సాగర్ తల ఎత్తి చూశాడు. పెరట్లో ‘ఆఁ’ అన్నప్పుడు కూడా అతని ముఖం ఇలాగే ఉంది.

“చెప్పు భూమికా,” అంది వినోద, కారు తలుపు తీస్తూ.